ఎవరికి చెప్పుకోవాలె

పాపకు మూడో నెల నిండగానే కోడలినీ మనవరాలినీ తోలుకుపోవడానికి శంకరవ్వ ఆసిఫాబాద్ వచ్చింది. వందన తల్లి గంగుబాయి బిడ్డకు ఒడిబియ్యం పోసి, పాప నడుముకు నల్లదారం కట్టి, స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించింది. పెద్దపల్లిలో దిగితే అక్కడినుంచి ఊరు ఆటో దూరం. పాప ఒళ్ళో నిద్రపోతోంది. శంకరవ్వ ఎదురు సీటులో కూర్చుని, మనవరాలి ముక్కు అచ్చం కొడుకు రాకేశ్ ముక్కేనని పక్కనున్నవాళ్ళకు చెప్పుకుంటోంది.

మంచిర్యాల దాటాక రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. పెట్టెలోని ఆడవాళ్ళు లేచి కిటికీల్లోంచి నాణేలు నీళ్ళలోకి విసిరి దండం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే వందన కళ్ళముందు ఒక బొమ్మ మెదిలింది. తను లేచి తలుపు దగ్గరికి పోయినట్టు, చేతుల్లోని పాపను ఆ నాణేల్లాగే విసిరేసినట్టు. ఊహ అనుకోవడానికి కూడా లేదు, అంత స్పష్టంగా కనబడింది. అరచేతులకు చెమట పట్టి పాప జారిపోతుందేమో అనిపించింది.

"అత్తమ్మా, జర పాపను పట్టుకో," అని శంకరవ్వ చేతిలో పెట్టి, లేచిపోయి దూరంగా మూలన కూర్చుంది. బాలింత కదా, కళ్ళు తిరిగాయి కాబోలని శంకరవ్వ అనుకుంది.

అలాంటిది రావడం అది మొదటిసారి కాదు. తల్లిగారింట్లో ఉన్నప్పుడు ఉల్లిగడ్డలు కోస్తుంటే ఒకసారి, పాప పక్కనే ఉండగా, కత్తిని చూసి అలాగే గుండె జారింది. నిద్రలేక అని సరిపెట్టుకుంది. వంతెన దాటాక మాత్రం అది వదలలేదు. అత్తగారింటి పెరట్లో చేదబావి ఉంది. పాపను ఎత్తుకుని ఆ వైపు పోవడం మానేసింది. వంటింట్లో కత్తిని బియ్యం డబ్బా వెనక దాచి, కూరగాయలు తరగాల్సి వచ్చినప్పుడల్లా పాపను అవతలి అర్రలో పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేసి వచ్చేది. పాపకు నీళ్ళు పోయడం తనకు చేతకాదని చెప్పి అత్త మీద వేసింది. పాలు ఇచ్చేదాకే పాప ఒళ్ళో. తాగడం అయిందో లేదో, అత్త చేతికి ఇచ్చేసేది.

"పాలియ్యంగనే పిల్లను అంగట్ల సామాను లెక్క నా చేతిలవెడ్తది," అని శంకరవ్వ పక్కింటి కమలవ్వతో అన్న మాట గోడ అవతలినుంచి వందనకు వినబడింది. ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. నిజమే కదా అనిపించింది.

పెళ్ళికి ముందు వందన ఆసిఫాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేది. బడి వదిలినా పిల్లలు ఆమె కొంగు వదిలేవాళ్ళు కాదు. ఏడ్చే పిల్లను ఆమె చేతికిచ్చి తల్లులు నిశ్చింతగా పనులకు పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ తల్లులు గుర్తుకొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇలాంటి తలకాయ ఉన్న మనిషి చేతికా మేము పిల్లల్ని ఇచ్చింది అనుకోరా? అద్దంలో బొట్టు పెట్టుకునేటప్పుడు కూడా ఆమె తన కళ్ళలోకి చూసుకోవడం మానేసింది.

కోడలి మొహం వాడిపోవడం చూసి ఏదో గాలి సోకిందనుకుంది శంకరవ్వ. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది. పోయారు. కోడె పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ వందన దేవుడికైనా చెప్పుకుందామనుకుంది. మనసులో కూడా ఆ మాట పెగల్లేదు. దేవుడికి అన్నీ తెలుస్తాయంటారు. తెలిస్తే మరి తనను గుడిలోపలికి ఎందుకు రానిచ్చాడో ఆమెకు అర్థం కాలేదు.

వేములవాడ నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని, తల్లికి సొంత బిడ్డను చంపినట్టు ఆలోచనలు వస్తే ఏమి చేయాలి అని తెలుగులో టైపు చేసింది. తన వేళ్ళు రాసిన అక్షరాలు తెర మీద అలా నిలబడి కనబడేసరికి గబగబా చెరిపేసింది. కాసేపయ్యాక, నిద్ర పట్టకపోతే కరీంనగర్‌లో ఎవరికి చూపించాలి అని రాసింది. ఒక కౌన్సెలింగ్ సెంటర్ పేరు వచ్చింది. కోటు వేసుకుని నవ్వుతున్న మనిషి ఫొటో, దాని కింద బోలెడు పొగడ్తలు. అంతకుమించి చూసుకోవాల్సింది ఏమైనా ఉంటుందని ఆమెకు తెలియదు. నిద్ర పట్టడం లేదని అత్తకు చెప్పి బయలుదేరదీసింది.

ఆ గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద శంకరవ్వ పాపను ఎత్తుకుని కూర్చుంది. లోపల ఆ మనిషి ఒక చెవిన వందన మాట వింటూ మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె ఎంతో సేపు నిద్ర గురించీ తలనొప్పి గురించీ చెప్పి, చివరికి గొంతు తగ్గించి, పాప గురించి చెడ్డ ఆలోచనలు వస్తున్నాయంది.

"చెడ్డ ఆలోచనలంటే? పాపను చంపాలనిపిస్తోందా?" అని అతను మామూలు గొంతుతోనే అడిగాడు. బయటికి వినబడింది.

వందన అవునని అనలేదు, కాదని అనలేదు. అతను ఆమె జవాబు కోసం ఆగకుండా శంకరవ్వను లోపలికి పిలిచి, ఈ అమ్మాయి దగ్గర పాపను ఒంటరిగా వదలవద్దని, ఏదైనా జరగొచ్చని చెప్పాడు. మనసు అదుపులో పెట్టుకోవాలని, తల్లి అన్నాక ప్రేమ ఉండాలని వందనకు హితవు చెప్పాడు. ధ్యానం తరగతులకు రమ్మని ఒక కాగితం ఇచ్చాడు.

తిరుగు బస్సులో శంకరవ్వ పాపను కొంగులో చుట్టుకుని, కోడలికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సీటు ఇద్దరిదే అయినా ఆ వీపు గోడలా అడ్డం ఉంది. వందన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ వచ్చింది.

ఆ రోజు నుంచి పాప శంకరవ్వతో నడిమింట్లో, లోపల గడియ పెట్టుకుని పడుకునేది. ఆకలైనప్పుడు తెచ్చి వందన ఒళ్ళో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఆ చూపు కింద పాలు కూడా సరిగా వచ్చేవి కావు. పాప ఏడ్చేది. కమలవ్వకు సంగతి ఎలా తెలిసిందో, ఒకనాడు వాళ్ళ మనవడు ఆడుకుంటూ గడప దాటి వస్తే వందన చేయి చాపింది. కమలవ్వ పరుగులాంటి నడకతో వచ్చి పిల్లవాడిని ఎత్తుకుని, "పాలు తాగే యాళ్ళయింది వీనికి," అంటూ వెళ్ళిపోయింది. చాపిన చేయి వెనక్కు తీసుకోవడానికి కూడా వందనకు సిగ్గేసింది.

రాకేశ్ మస్కట్‌లో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్. తల్లి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అంతా విని అన్నాడు: "కొన్నొద్దులు తల్లిగారింటికి పొమ్మను అవ్వా. పాప నీ కాడనే ఉండనీ." ఫోన్ స్పీకర్‌లో ఉంది. వందన గోడకు ఆనుకుని వింది. తనను కాదని అతను తల్లితో అన్నందుకు కాదు ఆమె ఏడ్చింది. అతను చెప్పిందే సరైనదని తనకూ అనిపించినందుకు. పాప తల్లిపాలు మానలేదని శంకరవ్వే అప్పటికి పంపలేదు.

బతుకమ్మ సెలవులకు ఆడబిడ్డ అలేఖ్య ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఊరి ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే వందన పోలేదు. నలుగురి కళ్ళు తన మీద, తన చేతుల మీద ఉంటాయని ఆమె భయం. అలేఖ్య పాటలు మొదలవగానే వెనక్కు వచ్చి వదిన పక్కన కూర్చుంది. అప్పటికే తల్లి ద్వారా ఆమెకు అంతా తెలుసు. ఆ సెంటర్‌లో ఏం జరిగిందో మాత్రం వందన నోట వినాలనుకుంది. వందన చెప్పింది.

"ఆయన ఏం సదివిండు?" అని అడిగింది అలేఖ్య.

వందనకు తెలియదు.

"నీ మాట నీకు చెప్పకుంట అవ్వకెట్ల చెప్తడు? బోర్డు పెట్టుకున్నోళ్ళందరు డాక్టర్లు గారు వదినా. నువ్వు చెప్పుడు తప్పు గాదు. చెప్పరాని మనిషికి చెప్పినవ్."

"ఇగ ఎవ్వరికి చెప్ప," అంది వందన.

"చెప్పకు. ముందుగాల అడుగు. ఏం సదివిన్రు, గిసొంటియి ఎప్పుడన్న చూసిన్రా, నేను చెప్పింది ఎవరికన్న చెప్తరా, అన్నీ అడుగు. అడిగినంక చెప్పాల్నా వద్దా నీ ఇష్టం."

"నాసొంటిది ఏం మొఖం వెట్టుకోని అడుగుతది అలేఖ్యా. తప్పు చేసినోళ్ళు పోలీసోన్ని ప్రశ్నలడుగుతరా?"

అలేఖ్య వదిన చేయి పట్టుకుంది. పాపను మోసి మోసి కాయలు కాయాల్సిన చేయి, ఎత్తుకోక మెత్తగా ఉంది. "నువ్వు ఏం తప్పు చేసినవ్? చేసింది చెప్పు," అంది. వందన ఆలోచించింది. చేసింది ఏమీ లేదు. అయినా నోట్లోంచి ఏమీ చేయలేదనే మాట రాలేదు.

సెలవులు అయ్యేలోపు అలేఖ్య తన ఫోన్‌లోంచే కొన్ని చోట్లకు మాట్లాడించింది. మొదట హైదరాబాద్ నుంచి వీడియోలో మాట్లాడే ఒక అమ్మాయి. గొంతు తియ్యగా ఉంది, ఓపికగానే ఉంది. కానీ ప్రతి మాటా సగం ఇంగ్లీషు. మీ ఫీలింగ్స్‌ని ఎక్స్‌ప్లోర్ చేద్దాం అంది. వందన డిగ్రీ చదివిన మనిషే, మాటలు అర్థమయ్యాయి. కానీ గోదావరి వంతెన మీద తనకు కనబడింది ఆ భాషలో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ అమ్మాయి మంచిదే అయి ఉంటుంది, నాకు కాదు అని చెప్పడానికి మొహమాటపడి, మళ్ళీ చేస్తానని పెట్టేసింది. తర్వాత రెండురోజులు ఆ మొహమాటమే ఆమెను పీకింది.

ఆ తర్వాత కరీంనగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి పోయారు. హాలు నిండా జనం. వందన కొంగు మొహానికి కప్పుకుని మూలన కూర్చుంది. సుల్తానాబాద్ నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన అక్కడే కనబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చూడనట్టే చెరో గోడ వైపు తిరిగారు. లోపల డాక్టర్ పెద్దమనిషి, ముక్కుసూటి మనిషి. ఆమె నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పింది. ఆయన కాసేపు ఆమెనే చూసి, పాలిచ్చే తల్లులకు ఇచ్చే మందు రాసి, కాగితం మీద ఒక పేరు, ఫోన్ నంబరు కూడా రాశాడు.

"నువ్వు చెప్పంది ఇంకేందో ఉన్నది. కూసోని వినేతందుకు నాకు టైం లేదమ్మా, అబద్ధమెందుకు. ఈమెతోని మాట్లాడు. మాట్లాడినంక మళ్ళ నా కాడికి రా," అన్నాడు.

ఆ పేరు జానకీబాయి.

అలేఖ్య హాస్టల్‌కు వెళ్ళిపోయింది. కాగితం వందన జాకెట్టులో నలిగింది. ఒక మధ్యాహ్నం శంకరవ్వ పాపను పడుకోబెట్టుకుని కునుకు తీస్తుంటే, బట్టలు ఆరవేసే నెపంతో డాబా ఎక్కి ఫోన్ చేసింది. అవతల పెద్దవయసు ఆడగొంతు. తీరిగ్గా, కొంచెం బొంగురుగా ఉంది. మాటల్లో అక్కడక్కడ మరాఠీ విరుపు. వందన తల్లి గంగుబాయి మాట్లాడినట్టే ఉంది. మీది ఆదిలాబాదా అని అడిగింది వందన అనుకోకుండా. అవునంది ఆమె.

తన కోసం అని చెప్పే ధైర్యం లేక, "మా చెల్లె కోసం," అంది వందన.

"అడుగున్రి," అంది జానకీబాయి.

ఏం చదివారని వందన అడిగింది. సైకాలజీ ఎక్కడ చదివిందో ఆమె విసుక్కోకుండా చెప్పింది. బాలింతలను చూశారా అని అడిగింది. చూశానంది. తర్వాతిది అడిగేముందు వందన తీగ మీది తడి చీరను గట్టిగా పట్టుకుంది.

"మా చెల్లె చెప్పింది వాళ్ళ అత్తకు చెప్తరా?"

"చెప్ప. కని ఎన్నడు చెప్పనని ఒట్టు సుత వెయ్య. నిజంగ పానం మీదికొచ్చేటట్టుంటే చెప్పాల్సి వస్తది. గట్ల చెప్పే ముందుగాల మీ చెల్లెకే చెప్త. ఆమెకు తెల్వకుంట చెప్ప."

ఎవరికీ చెప్పనని అంటే బాగుండేది, అనుకుంది వందన. కానీ అలా అని ఉంటే తాను నమ్మేది కాదని కూడా అనిపించింది. ఇంకొక్కటి మిగిలింది.

"చెడ్డ ఆలోచన వస్తే... గట్లనే చేస్తరా ఎవరన్న?"

"వినకుంట నేనెట్ల చెప్పాలె? కొందరికి చెయ్యాలన్న కోరిక ఉంటది. కొందరికి ఎక్కడ చేస్తనో అన్న భయం ఉంటది. రెండు ఒకటి గావు. మీ చెల్లెది ఏందో ఆమె కూసోని చెప్తెనే తెలుస్తది."

వందన ఫోన్ పెట్టేసింది. థాంక్స్ కూడా చెప్పలేదు. చాలా రోజులు ఆ నంబరు జోలికి పోలేదు. భయం అన్న మాట మాత్రం మనసులో తిరుగుతూ ఉండిపోయింది. చివరికి మళ్ళీ చేసి, ఈసారి తన పేరు చెప్పి, రావచ్చా అని అడిగింది. జానకీబాయి ఆ గొంతును గుర్తుపట్టిందో లేదో, చెల్లెలు ఎలా ఉందని మాత్రం అడగలేదు.

కరీంనగర్ మంకమ్మతోటలో ఒక ఇంటి మేడ మీద గది. అలేఖ్య కింద మెట్ల దగ్గర ఆగిపోయింది. జానకీబాయి లేచి తలుపు మూసి, బయటికి వినబడదని చెప్పి, ఫోన్ సొరుగులో పెట్టేసింది. నెరిసిన జుట్టు, నేత చీర. వందన చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది. ఆమె తొందరపెట్టలేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక వందన రైలు గురించి చెప్పింది. నాణేల గురించి చెప్పింది. ఆ తర్వాతిది చెప్పేటప్పుడు తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినబడింది. వంతెన, కత్తి, బావి, అన్నీ చెప్పింది. చెప్పడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"మీకు నన్ను చూస్తే రోత పుడ్తలేదా మేడం?"

"పుడ్తలేదు. గదే కుర్చీల కూసోని గసొంటి మాటనే చెప్పిన తల్లులున్నరు. ఒక్కలు గాదు."

వందన నమ్మలేదు. ఓదార్పుకు అంటోంది అనుకుంది. జానకీబాయి ఓదార్చే పని పెట్టుకోకుండా ఇంకా అడిగింది. చెవుల్లో ఎవరైనా మాట్లాడినట్టు వినబడుతుందా, పాపలో ఏదో చెడు ఉందనిపిస్తుందా అని అడిగింది. లేదు, లేదు అంది వందన. చచ్చిపోవాలనిపించిందా అని అడిగింది. దానికి వెంటనే లేదనలేకపోయింది.

"బస్సుల అత్తమ్మ నాకు వీపు వెట్టుకోని కూసున్ననాడు అనిపించింది. నేను లేకుంటె పాప మంచిగుంటది గద అని. మళ్ళ ఒకట్రెండుసార్లు."

జానకీబాయి కొంచెం ముందుకు వంగింది. ఇప్పుడు కూడా ఉందా అని, ఎలా అనుకుందని నిదానంగా అడిగి తెలుసుకుంది. తర్వాత అంది: "గీ ఒక్క మాట మీ ఇంట్ల ఒకలకన్న తెల్వాలె. నేను ఫోన్‌ల చెప్పిన గద, మీకు చెప్పకుంట చెప్పనని. ఎవరికి చెప్పాలె? నేను చెప్పాల్నా, మీరు చెప్తరా?"

వందనకు ఒక్కసారి లేచి పారిపోవాలనిపించింది. కానీ ఈమె తలుపు తీసి ఎవరినీ పిలవలేదు. తన జవాబు కోసం కూర్చుంది. "అలేఖ్యకు. నేనే చెప్త," అంది. అలేఖ్య పైకి వచ్చింది. వందన చెప్పింది. అలేఖ్య ఏడుపు ఆపుకుంటూ తల ఊపింది. మళ్ళీ అలా అనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి పోవాలో ముగ్గురూ కూర్చుని అనుకున్నారు.

వందనకున్నది ఒక జబ్బేనని, అక్కరలేని బొమ్మలు మనసులో దూరి భయపెడతాయని, మనిషి ఎంత పారిపోతే అవి అంత వెంటబడతాయని జానకీబాయి చెప్పింది. డాక్టర్ మందు మానవద్దంది. ఈసారి ఆయనకు కూడా పూర్తిగా చెప్పమంది. వందన చెప్పింది. ఆయన మోతాదు మార్చాడు.

దానితో అంతా చక్కబడలేదు. ఆలోచన వచ్చినప్పుడు పాపను అత్త చేతికి ఇచ్చేయకుండా, కాసేపు ఒళ్ళోనే ఉంచుకోమని జానకీబాయి పని పెట్టింది. ముందు కొంచెంసేపు, తర్వాత ఇంకొంచెం. వందన అలా కూర్చోబోతే చెమటలు పట్టాయి, వాంతి వచ్చింది. పాపను దింపేసి, గదిలోకి పోయి ఏడ్చింది. ఈమె కూడా ఆ కోటు మనిషిలాంటిదే, నా పిల్లతో ప్రయోగాలు చేస్తోంది అనుకుంది. ఆ వారం పోలేదు. ఫోన్ చేసి, ఇక రానని చెప్పింది. అలా చెప్పగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"రాకున్రి మరి. నేను జర తొందరవడ్డ కావచ్చు, నాదే తప్పు," అంది జానకీబాయి. "ఇంకొకల కాడికి పోతనంటే పేరు చెప్త, మంచోళ్ళున్నరు. కని చూపించుకునుడు మాత్రం ఇడువకున్రి."

వందన ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఇన్ని నెలల్లో పెద్దవాళ్ళెవరూ తన ముందు తప్పు నాదే అని అనలేదు. తర్వాతి వారం ఆమె మళ్ళీ మంకమ్మతోట మెట్లు ఎక్కింది. ఈసారి పాపను ఒళ్ళో ఉంచుకోవడం కాకుండా, పాప పక్కన చాప మీద కూర్చోవడంతో మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు శంకరవ్వను కూడా తీసుకురావాలనుకుంది వందన. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందే అనుకున్నారు. శంకరవ్వ ముడుచుకుని కూర్చుంది. వందన అత్త మొహం చూడకుండానే, తనకు అలా ఎందుకు భయమేసేదో, పాపను ఎందుకు చేతికిచ్చి పారిపోయేదో చెప్పింది.

"మరి గప్పుడే నాకెందుకు చెప్పలే?" అంది శంకరవ్వ.

"ఏం మొఖంతోని చెప్పాలె అత్తమ్మా."

శంకరవ్వ కోడలిని వదిలి జానకీబాయి వైపు తిరిగింది. "పాపకు ఏం గాదని నువ్వు రాసిస్తవా మేడం?"

"రాసియ్యనవ్వా. గట్ల ఏ తల్లికి రాసియ్యరు. కని ఈమె భయపడేది పాప మీద పానం ఉండబట్టి. గిది మాత్రం నేను రాసియ్యకున్న నువ్వు ఎరుక చేసుకోవాలె."

ఇంటికి వచ్చాక శంకరవ్వ పాలిచ్చేటప్పుడు పీట కొంచెం దూరం జరిపి కూర్చుంది. తర్వాత తర్వాత పొయ్యి దగ్గర పని చూసుకుంటూ తొంగిచూసేది. రాకేశ్‌కు సంగతి వందనే చెప్పింది. అతను ముందుగా, ఊళ్ళో ఎవరికైనా తెలిసిందా అని అడిగాడు. ఆ ప్రశ్న ఆమెను పొడిచింది. తెలిసింది బావా అంది. ఆ తర్వాత అతను, నీకు మందులు పడుతున్నాయా అని అడిగాడు. అది కూడా అతనే అడిగాడని ఆమె గుర్తుపెట్టుకుంది.

పాప పాకడం వచ్చి, పట్టుకుని నిలబడే వేళకు పెద్దపల్లిలో శంకరవ్వ వాళ్ళన్న కాలు విరగ్గొట్టుకున్నాడు. చూసి రావాలి. ఎండకు పిల్లను తీసుకుపోవడం కుదరదు. శంకరవ్వ పొద్దున్నుంచి ఇంట్లోకీ బయటికీ తిరిగింది. గిలక్కాయలు, పాల సీసా, జ్వరం మందు ఎక్కడున్నాయో కోడలికి తెలిసినవే మళ్ళీ చెప్పింది. "మాపటి దాక రాను," అంది. గేటు దాకా పోయి ఆగింది. వెనక్కు తిరిగి పాపను ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. పాప గిలక్కాయ పట్టుకుని గడప దగ్గర కూర్చుంది. వందన పప్పు కడుగుతూ ఉంటే ఆ బొమ్మ రానే వచ్చింది. ఈసారి రోలు. చేతులు ఆగిపోయాయి. లేచి పాపను గదిలో పెట్టి తలుపు వేయాలనిపించింది. లేవలేదు. పప్పు నీళ్ళు వంపింది, మళ్ళీ కడిగింది. గుండె కొట్టుకుంటూనే ఉంది. పాప పాక్కుంటూ వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నిలబడి, తడి గిన్నెలో చేయి పెట్టింది. వందన ఆ చేయి తుడిచి, ఎత్తుకుని, ఉడికిన ఆలుగడ్డ ముక్క చిదిమి నోట్లో పెట్టింది.

గోడ మీదినుంచి కమలవ్వ తొంగిచూసింది. "మీ అత్త లేదా?" అంది. లేదంది వందన. కమలవ్వ కళ్ళు పాప మీదా, వందన చేతుల మీదా నిలిచాయి. వందన చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు ఎక్కడికీ పోలేదు, ముందులాగే మెడదాకా పాకింది. అయినా ఆమె లోపలికి పోకుండా, అక్కడే పీట మీద కూర్చుని పాపకు మిగతా ఆలుగడ్డ తినిపించింది. కాసేపటికి కమలవ్వే వెళ్ళిపోయింది.

మాపటి దాకా రానన్న శంకరవ్వ మధ్యాహ్నం కాకముందే వచ్చింది. ఎండకు మొహం ఎర్రబడింది. గేటు దగ్గరినుంచే లోపలికి చూస్తూ వచ్చి, పాప చాప మీద నిద్రపోతుండడం, పొట్ట పైకీ కిందికీ కదలడం చూసి, అప్పుడు చెప్పులు విప్పింది.

"తొందరగనే వచ్చినవ్ అత్తమ్మా," అంది వందన.

"బస్సు దొరికింది," అంది శంకరవ్వ, కోడలి మొహం చూడకుండా.

అది కారణం కాదని ఇద్దరికీ తెలుసు. వందన నీళ్ళచెంబు తెచ్చి ఇచ్చింది. శంకరవ్వ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, పాప మీద వాలిన ఈగను తోలింది.

"నువ్వు తిన్నవా?" అని అడిగింది.

"లేదు."

"రా మరి. ఇద్దరం తిందాం."